చెరువు నీటిలో జీవలోకాన్ని కనుగొన్న బట్టల వర్తకుడు

జంగమకోటె, శిడ్లఘట్ట ప్రాంతాల పట్టు రైతులకు సూక్ష్మదర్శిని కొత్త వస్తువు కాదు. పెబ్రిన్ వ్యాధి లేని గుడ్లను ఎంపిక చేయడానికి గుడ్లు పెట్టిన తల్లి చిలుకలను దానితోనే పరీక్షిస్తారు. అటువంటి అద్దంతో సరస్సు నీటిలోని ఏకకణ జీవులను తొలిసారి చూసి వర్ణించినవారు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్.

ఆయన 1632 అక్టోబరు 24న హాలండు దేశంలోని డెల్ఫ్ట్ నగరంలో జన్మించారు. తండ్రి బుట్టలు అల్లేవారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన లీవెన్‌హుక్, ఆమ్‌స్టర్‌డామ్‌లో బట్టల వ్యాపారం నేర్చుకొని, 1654లో స్వస్థలంలో అంగడి తెరిచారు. విశ్వవిద్యాలయ విద్య లేదు. డచ్చి తప్ప మరో భాష రాదు. కటకాలను స్వయంగా తయారుచేసుకునేవారు. నేటికీ మిగిలిన వాటిలో ఒకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపుతుంది.

డెల్ఫ్ట్‌కు రెండు గంటల ప్రయాణదూరంలో బెర్కెల్స్ సరస్సు ఉండేది. చలికాలంలో తేటగా ఉండే దాని నీరు వేసవిలో తెల్లబారి, అందులో పచ్చని తెట్టు తేలేది. రాత్రి కురిసే మంచే అందుకు కారణమని చుట్టుపక్కల పల్లెవాసుల నమ్మకం. 1674లో లీవెన్‌హుక్ ఆ నీటిని గాజు సీసాలో ఇంటికి తెచ్చి, మరునాడు పరిశీలించారు. మెలికలు తిరిగిన పచ్చని నాచుపోగుల నడుమ అసంఖ్యాకమైన సూక్ష్మజీవులు పైకీ కిందికీ గిరగిర తిరుగుతూ కనిపించాయి. తరువాత వాననీటిలో, గంట ఆకారంలో ఉండి కాడను చుట్టలా ముడుచుకొనే వోర్టిసెల్లాను చూశారు. సన్నని వెంట్రుకల వంటి శైలికలను ఆడిస్తూ జీవించే సీలియేట్ల జాతి అది.

1676లో ఆయన పంపిన లేఖను లండను రాయల్ సొసైటీ పండితులు వెంటనే నమ్మలేదు. ఆయన ఎనిమిదిమంది పెద్దలకు ఆ జీవులను చూపించి, వారి సాక్ష్యపత్రాలు పంపారు. 1677 నవంబరులో రాబర్ట్ హుక్ అదే దృశ్యాన్ని సభ్యుల ముందు చూపగా సందేహం తీరింది. 1680లో సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకున్నది. 1723 ఆగస్టు 26న, 90వ ఏట ఆయన మరణించారు.

సీలియేట్లు బాక్టీరియాను తిని నీటిని తేటపరుస్తాయి. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో వాటి రకాలను బట్టి శుద్ధి ఎలా సాగుతున్నదో అంచనా వేస్తారు. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల చెరువులకు మళ్లిస్తున్న కాలమిది. ఏ చెరువులో ఏ సీలియేట్లు ఎన్ని రకాలున్నాయో లెక్కించడం ఆ గ్రామాల ఆరోగ్యానికి సంబంధించిన పని. దానికి కావలసినవి సీసాడు నీరు, మంచి అద్దం, లీవెన్‌హుక్‌కు ఉన్నంత ఓర్పు.