విలియం ఫెల్లర్ – ఒక పాఠ్యపుస్తక రచయిత జీవితం

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. గణాంక శాఖలో పనిచేసినవాణ్ణి కనుక నేను ఒక పాఠ్యపుస్తక రచయితను ఎంచుకున్నాను. ఆయన విలియం ఫెల్లర్. సంభావ్యతా సిద్ధాంతం, అంటే ప్రాబబిలిటీ, పై స్థాయిలో ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని మనవలు అడిగితే ఏం చెప్పాలో ఈయన కథ తెలిస్తే తేలికవుతుంది.

ఫెల్లర్ 1906 జూలై 7న జాగ్రెబ్ నగరంలో జన్మించారు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోనిది, ఇప్పుడు క్రొయేషియా రాజధాని. జాగ్రెబ్‌లో పట్టా పుచ్చుకుని, జర్మనీలో గణితానికి కాశీ వంటి గొట్టింగెన్ చేరి, 1926లో ఇరవయ్యేళ్లకే డాక్టరేటు పొందారు. 1928 నుంచి కీల్ విశ్వవిద్యాలయంలో బోధించారు.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. విధేయతా ప్రమాణపత్రం మీద సంతకం చేయమన్నారు. ఫెల్లర్ చేయలేదు. ఉద్యోగం వదిలి డెన్మార్క్, అక్కడినుంచి స్వీడన్ వెళ్లారు. జీతం మీద బతికిన మనకు ఆ నిర్ణయం బరువెంతో వేరే చెప్పనక్కరలేదు. స్టాక్‌హోమ్‌లో హరాల్డ్ క్రామెర్ అనే ఆచార్యుని వద్ద ఉండగానే 1935లో కేంద్ర అవధి సిద్ధాంతం మీద ఆయన పేరు నిలబెట్టిన వ్యాసం వెలువడింది. కీల్‌లో తన విద్యార్థిని అయిన క్లారా నీల్సెన్‌ను 1938లో వివాహమాడి, మరుసటి ఏడాది ఇద్దరూ అమెరికా చేరారు. బ్రౌన్, కార్నెల్ విశ్వవిద్యాలయాల తర్వాత 1950లో ప్రిన్స్‌టన్‌లో ఆచార్యులయ్యారు. ఆ ఏడాదే ఆయన పుస్తకం మొదటి సంపుటం వెలువడింది.

అప్పటికి సంభావ్యత చదవాలంటే పేకాట, జూదం లెక్కలతో సరిపెట్టుకోవాలి, లేదా మెజర్ థియరీ అనే కఠిన గణితంలోకి దూకాలి. ఫెల్లర్ మధ్యేమార్గం పట్టారు. మొదటి సంపుటాన్ని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టగల సందర్భాలకే పరిమితం చేశారు. దాంతో మామూలు డిగ్రీ గణితం వచ్చినవారు కూడా లోతైన ఫలితాల దాకా వెళ్లగలిగారు.

ఉదాహరణలు చూడండి. రెండో ప్రపంచయుద్ధంలో దక్షిణ లండన్ మీద పడిన ఎగిరే బాంబుల లెక్క ఇచ్చారు. ఆ ప్రాంతాన్ని 576 సమాన గడులుగా విభజిస్తే 537 బాంబులు పడ్డాయి. ఒక్కటీ పడని గడులు 229, ఒకటి పడినవి 211. శత్రువు గురిచూసి కొన్ని పేటల మీదే వేస్తున్నాడని జనం నమ్మారు. కానీ పాయిజాన్ సూత్రం ప్రకారం గురి లేకుండా పడితే రావలసిన సంఖ్యలు సుమారు 227, 211. కాగితం మీద లెక్క జనం భయాన్ని ఎలా పరీక్షించిందో చూడండి.

ఇంకొకటి. ఇద్దరు చాలాసేపు బొమ్మా బొరుసూ ఆడితే చెరి సగం సమయం ఆధిక్యంలో ఉంటారని మనం అనుకుంటాం. అన్నిటికన్నా తక్కువ అవకాశం ఉన్నది దానికే. ఒకరే దాదాపు ఆట పొడుగునా ముందుండడం ఎక్కువసార్లు జరుగుతుందని ఫెల్లర్ రుజువు చేసి చూపించారు. అదృష్టం, దురదృష్టం అని మనం పేర్లు పెట్టేవాటిలో ఎంత భాగం ఉత్త నాణెం ఆటో ఆలోచించండి.

1966లో వచ్చిన రెండో సంపుటం కష్టమైనది, కానీ అందులోనూ బస్టాండు కనిపిస్తుంది. సగటున పది నిమిషాలకొక బస్సు, అదీ వేళాపాళా లేకుండా వస్తే, స్టాపుకు వెళ్లినవాడు నిలబడేది సగటున అయిదు నిమిషాలు కాదు, పది. పెద్ద విరామంలోనే మనం వెళ్లి పడే అవకాశం ఎక్కువ కావడం అందుకు కారణం.

సరదా సంగతి ఒకటి. అప్పట్లోనే జోసెఫ్ డూబ్ అనే మరో పండితుడు కూడా పుస్తకం రాస్తున్నారు. ర్యాండమ్ వేరియబుల్ అనాలా, ఛాన్స్ వేరియబుల్ అనాలా అని ఇద్దరికీ వాదం వచ్చింది. చివరికి అదృష్టానికే వదిలి తేల్చుకున్నారు. ఫెల్లర్ గెలిచారు. ప్రపంచమంతా నేటికీ ర్యాండమ్ వేరియబుల్ అనే అంటోంది.

ఇక ఎంపిక సంగతి. లోయెవ్ గ్రంథం, 1955 నాటిది, మహాసముద్రం. డూబ్ గ్రంథం, 1953 నాటిది, పరిశోధకులకు. తెలివైన పిల్లలు గొప్ప పేరు చూసి వీటితో మొదలుపెట్టి, నెల తిరక్కుండా ఈ సబ్జెక్టు మనకు రాదని వదిలేయడం నేను చూశాను. లోపం పిల్లలది కాదు, వరసది. నా సలహా ఇది. ముందు ఫెల్లర్ మొదటి సంపుటం, అభ్యాసాలతో సహా. తర్వాత మెజర్ థియరీ నేర్పుతూ నడిపించే బిలింగ్స్‌లీ గాని, 1968లో వచ్చిన చుంగ్ పుస్తకం గాని. ఆపైన ఫెల్లర్ రెండో సంపుటం, అదీ కథలా ఒక్కసారి కాక, పదేపదే.

ఫెల్లర్ తన పుస్తకాన్ని ఎన్నడూ పూర్తయిందనుకోలేదు. మొదటి సంపుటాన్ని 1957లో, మళ్లీ 1968లో తిరగరాశారు. 1970 జనవరి 14న, 63వ ఏట, న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1969 సంవత్సరానికి ఇచ్చిన జాతీయ విజ్ఞాన పతకాన్ని ఆయన తరఫున భార్య క్లారా అందుకున్నారు. సవరించిన రెండో సంపుటం మరుసటి ఏడాది వెలువడింది, ప్రూఫులు మిత్రులు చూశారు.

నా దగ్గరున్న మొదటి సంపుటం ప్రతిని సంఘ కార్యాలయంలోని బీరువాకు ఇస్తున్నాను. మన పిల్లల్లో ఎవరికి అవసరమైనా తీసుకోవచ్చు. పెన్సిలుతో లెక్కలు చేసినా అభ్యంతరం లేదు.