సర్ హెన్రీ రాయిస్

వేరుసెనగ బస్తాలతో నిండిన బండి గుట్టబాట దిగునపుడు ఎడ్లు కాళ్లు తన్నిపట్టి, కాడిని మెడలతో వెనుకకు నిలుపుట మన నల్లమాడ ప్రాంతమున అందఱును చూచినదే. బండిని లాగుటకంటె నిలుపుట కష్టమని అపుడు తెలియును. మోటారు బండ్ల విషయమున ఈ సత్యము నెఱిగి పాటుపడిన సర్ హెన్రీ రాయిస్ చరిత్రమును మేమిచట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

రాయిస్ 1863వ సంవత్సరము మార్చి 27వ తేదీన ఇంగ్లండునందలి ఆల్వాల్టన్ గ్రామమున, పిండిమర నడుపువాని యింట జన్మించెను. తొమ్మిదవ యేటనే తండ్రి గతించెను. బాలుడు వార్తాపత్రికల నమ్మియు, తంతివార్తల నందించియు పొట్టపోసికొనెను. బంధువురాలొకతె యిచ్చిన ధనముతో పీటర్‌బరో రైలు కార్ఖానాలో పని నేర్వ మొదలిడెను గాని, మూడేండ్లకు ఆ ధనము చెల్లిపోగా చదువు నడుమనే నిలిచెను. అయినను ధైర్యము వీడక, 1884లో మాంచెస్టరునందు విద్యుత్పరికరముల కార్ఖానా నొకదానిని స్థాపించెను. 1904లో తన మొదటి మోటారును నడపెను. ఆ యేడే చార్లెస్ రోల్స్‌తో చెలిమి కుదిరెను. వారిరువురి పేరిట వెలసిన బండ్లు లోకప్రసిద్ధములయ్యెను. హైదరాబాదు నైజాము మహబూబ్ ఆలీఖానుగారును అట్టి బండికి ఉత్తరువిచ్చిరి.

ఆనాటి ఆ బండ్లకు ముందు చక్రములయందు బ్రేకులు లేవు. బ్రేకు వేయగనే బరువు ముందునకు వ్రాలును. కావున ముందు చక్రములను గూడ బిగించినగాని బండి శీఘ్రముగ నిలువదు. కాని అంత బరువైన బండికి నాలుగు చక్రముల బ్రేకులను బిగింప మనుష్యుని పాదబలము చాలదు. 1919లో హిస్పానో-సూయిజా సంస్థవారి శిల్పి మార్క్ బిర్కిట్, బండి కదలికనుండియే బలమును గ్రహించి బ్రేకులను బిగించు సర్వో యంత్రమును లోకమునకు చూపెను. రాయిస్ పరుని కల్పనయని చిన్నబుచ్చక, అనుమతి పొంది ఆ పద్ధతిని గైకొని, మెఱుగుపఱచి, 1924 నాటి బండ్ల కమర్చెను. గేరుపెట్టె వెంట తిరుగు బిళ్లకు, పాదము మోపగనే మఱియొక బిళ్ల ఒఱసికొని బ్రేకుల నీడ్చును.

ఇందును లోపము లేకపోలేదు. బండి నిలిచియున్నపుడు ఇది సాయపడదు. మిక్కిలి నెమ్మదిగ నడచునపుడు కొంచెము ఆలస్యించును. ఇంజను పీల్పుతో పనిచేయు దెవాండ్ర్ సర్వోకు ఈ లోపము లేదు గాని, ఇంజను ఆగిన దాని సాయము సన్నగిల్లును. రాయిస్ యంత్రమో, ఇంజను ఆగినను చక్రములు తిరుగునంతవఱకు పనిచేయును. అంతియగాక, ఆయన పాదపీఠమునుండి వెనుక బ్రేకులకు సూటిగ లంకె నుంచెను. సర్వో చెడినను బండి బొత్తిగ వశము తప్పదు. భాగములును వ్యయమును హెచ్చినను, ప్రాణరక్షణకై ఆయన దానికి వెనుదీయలేదు.

1911 మొదలు ఆరోగ్యము చెడినను, సముద్రతీర గృహములనుండియే పని సాగించెను. 1930లో బేరనెట్ బిరుదమందెను. 1933 ఏప్రిల్ 22వ తేదీన స్వర్గస్థుడయ్యెను. ఆ సర్వో ఆయన పిదప ముప్పదియేండ్లకు పైగా ఆ బండ్లయందు నిలిచెను.

చదువు నడుమ నాగినవాడు లోకమునకు నేర్పరియయ్యెను. బాలురారా, సాయము తప్పినను నిలువగల యేర్పాటును ముందుగనే చేసికొనుట వివేకమని ఈ జీవితమువలన మేము గ్రహించితిమి, మీరును గ్రహింతురుగాక.