రాబర్ట్ బ్రూస్ ఫుట్

రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1834వ సంవత్సరమున ఇంగ్లండునందలి చెల్టెన్‌హాం పట్టణమున జన్మించెను. 1858లో భారత భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగియై చెన్నరాజధానికి వచ్చెను. శిలలను పరీక్షించుట ఆయన వృత్తి. 1863లో చెన్నపట్టణము చెంత పల్లావరమువద్ద ఒక కంకర గోతిలో గొడ్డలివంటి రాయి ఆయన కంటబడెను. అది ఆదిమానవుడు చెక్కిన ఆయుధమని ఆయన గ్రహించెను. పాతరాతియుగపు మానవులు ఈ దేశమున నివసించిరని అంతకుమున్ను పండితు లెరుగరు. నాటినుండి ఆయన మనస్సు ఆ మానవుల జాడలపైననే నిలిచెను.

దత్తమండలములలో, బళ్లారి ప్రాంతమున, పెద్ద బూడిదదిబ్బలు కలవు. అవి రాక్షసుల చితాభస్మమని జనులు చెప్పుకొనెడివారు. అందలి చిట్టెము అగ్నిపర్వతమునుండి వెడలినదానివలె కనుపట్టును. ఫుట్ వానిని శ్రద్ధగా పరీక్షించి, అవి కొత్తరాతియుగపు పశువులకాపరులు పేడను కాల్చగా మిగిలిన బూడిదయే యని నిర్ణయించెను. తరువాతి పరిశోధకులును దానినే స్థిరపరచిరి.

1884లో ఆయన కర్నూలు మండలమున, బేతంచెర్ల చేరువనున్న బిల్లసర్గం గుహలను త్రవ్వించెను. పిమ్మట ఆ పనిని ఆయన కుమారుడు హెన్రీ కొనసాగించెను. అనేక జంతువుల ఎముకలు లభించినవి. అందొక ఖడ్గమృగ జాతికి శాస్త్రజ్ఞులు కర్నూలు పేరే పెట్టిరి. కాని పల్లావరమున దొరకినట్టి రాతి ఆయుధములు మాత్రము అచట లభింపలేదు. ఆయన ఆశ తీరలేదు.

ఆయన వెదకిన జాడలు బనగానపల్లె చెంత జుర్రేటి లోయలో, జ్వాలాపురమువద్ద ఉండెను. అచట నేలలో నిజమైన అగ్నిపర్వతపు బూడిద పొరగా పరచుకొని యున్నది. ఊరి పేరునకును దానికిని పొత్తు కుదిరినది గాని, ఆ అగ్ని యిచటిది గాదు. భూమి పైపెంకు అఖండముగాక పెక్కు పలకలుగా నున్నది. అవి మెల్లమెల్లగా కదలుచుండును. సుమత్రా ద్వీపము చెంత సముద్రపు అడుగు పలక ద్వీపము క్రిందికి క్రుంగుచున్నది. దానితో లోనికి పోవు నీటివలన లోతునందలి వేడిరాయి కరగి పైకెగయును. అట్లే సుమారు 74,000 సంవత్సరములకు పూర్వము తోబా అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. దాని బూడిద సముద్రము దాటి, సుమారు 2,600 కిలోమీటర్ల దూరమున ఈ లోయలో పడెను.

ఫుట్ 1912 డిసెంబరులో కలకత్తాలో మరణించెను. ఖండములు కదలుచున్నవను సిద్ధాంతమును ఆల్ఫ్రెడ్ వెగెనర్ జర్మనీలో మొదట వెల్లడించినది ఆ యేటనే. జ్వాలాపురపు త్రవ్వకముల ఫలితములు 2007లో ప్రకటింపబడెను. బూడిదపొర క్రిందను, పైనను కూడ రాతి పనిముట్లు దొరకినవి. అవి చాలవరకు ఒకే తీరుగా ఉండుటచే, ఆ ఉత్పాతమును దాటి మానవులు ఇచట బ్రదికియుండిరని త్రవ్వినవారు తలచిరి.