రామమూర్తి మాస్టారి ఇద్దరు అతిథులు

గెస్ట్ లెక్చర్ అంటే నాకు అటెండెన్సే గుర్తొస్తుంది. చివరి వరసలో కూర్చుని ఫోన్ చూసుకునే బ్యాచ్ మాది. గిడుగు రామమూర్తి గారి జీవితం చదివాక మాత్రం కొంచెం సిగ్గేసింది.

ఆయన 1863లో మన శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారయ్యారు. అప్పటికి నాకన్నా రెండేళ్లు చిన్న! అక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనిపించింది. నేర్పే పుస్తకం లేదు, యూట్యూబ్ అసలే లేదు. అందుకని తెలుగు వచ్చిన ఒక సవరను ఇంటికి పిలిపించి, అక్కడే ఉంచుకుని నేర్చుకున్నారు. మాస్టారే స్టూడెంట్ అయిపోయారు. తర్వాత సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, వాళ్ల భాషలోనే పాఠాలు చెప్పించారు.

ఆ తర్వాత ఏట్స్ దొర వచ్చాడు, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్. మన బళ్లలో తెలుగు పాఠాలు చూసి ఆయనకో డౌటొచ్చింది. జనం మాట్లాడే తెలుగొకటి, పుస్తకంలోది ఇంకొకటి, ఎందుకని? ఆ ప్రశ్న గిడుగు దాకా వచ్చింది. సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు, తెలుగు పిల్లలకు మాత్రం ఎవరూ మాట్లాడని తెలుగు! అక్కణ్నుంచి ఆయన ఆగలేదు. వాడుకభాష కోసం ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. ఈసారి అతిథి ఆయనే. 1940లో పోయేదాకా అదే పని.

ఇంగ్లిష్ మీడియం వాణ్ని కదా, ఇంత రాయడానికే నాకు రెండు రాత్రులు పట్టింది. గ్రాంథికంలో రాయమంటే అసలు మొదలే పెట్టేవాణ్ని కాదు.