రొమ్మును కాపాడిన శస్త్రవైద్యుడు – సర్ జెఫ్రీ కీన్స్



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మా పెద్దక్కయ్య జ్ఞాపకం వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1974లో, ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కూడా తీసివేశారు. ప్రాణం దక్కింది గాని చేయి వాచిపోయి బిందె ఎత్తలేకపోయేది. పేరంటాలకు వెళ్లడమే మానుకొన్నది. ఇంత కోత అవసరమా అని అప్పటికి దాదాపు నలభై ఏళ్ల ముందే అడిగిన వైద్యుడు ఒకరున్నారని తర్వాత చదివి తెలుసుకొన్నాను.

ఆయనే సర్ జెఫ్రీ కీన్స్. ప్రఖ్యాత ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్‌కు తమ్ముడు. 1887లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యునిగా ఉంటూ, రక్తం ఎక్కించడానికి వెంట తీసుకుపోదగిన పరికరాన్ని రూపొందించారు. 1922లో రక్తమార్పిడిపై పుస్తకం వ్రాశారు.

ఆ రోజుల్లో అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ చూపిన పెద్ద ఆపరేషనే వేదవాక్కు. లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో కీన్స్ 1920లలో వేరే దారి పట్టారు. రేడియం సూదులను రొమ్ములోను, చంకలోను గుచ్చి కొన్ని రోజులు ఉంచేవారు. అనుభవం పెరిగాక గడ్డను మాత్రమే కోసి తీసి, మిగిలినదానికి రేడియం పెట్టేవారు. 1937లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రకటించారు. పెద్ద ఆపరేషన్ అయినవారికి దాదాపు సమానంగా ఆయన రోగులూ బ్రతికారు. అయినా తోటి సర్జన్లు చాలామంది ఒప్పుకోలేదు. పైవారి నోటుకు భిన్నంగా నోటు పెట్టడం ఎంత కష్టమో ఆఫీసుల్లో పనిచేసిన మనకు తెలియనిది కాదు. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన వైమానిక దళ సేవకు వెళ్లారు. రేడియం పని ఆగిపోయింది.

మూలన పడ్డ ఫైలు మళ్లీ పైకి వచ్చింది. 1981లో ఇటలీలో వెరోనేసి, 1985లో అమెరికాలో ఫిషర్ వందలాది రోగులను పోల్చి చూసి ఫలితాలు ప్రకటించారు. తొలి దశలో గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినవారు, రొమ్ము మొత్తం తీసినవారితో సమానంగా జీవించారని తేలింది. కీన్స్ 1982లో 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మా అక్కయ్యకు ఆ భాగ్యం దక్కలేదు. 2014లో ఆమె కూతురికి గడ్డ కనబడితే వెంటనే చూపించుకొన్నది. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చారు. ఈనాడు ఆ పిల్ల తన మనుమణ్ణి రెండు చేతులా ఎత్తుకొంటున్నది. అందరికీ ఈ చికిత్స సరిపడదు. అది డాక్టరు నిర్ణయించవలసినది. అందువల్ల నా మనవి ఒక్కటే. మన ఇళ్లలో ఆడవారు గడ్డ తగిలితే సిగ్గుపడి దాచుకోవద్దు. ముందుగా చూపించుకొంటేనే తక్కువ కోతతో బయటపడే అవకాశం ఉంటుంది.