జేమ్స్ నెయిస్మిత్

ఆటలో బరి దాటిన బంతి ఎవరికి చెందవలెను? దేనిని గెలుపుగా లెక్కింపవలెను? ఈ రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానము లేనిచో ఆట కలహముగా మారును. ఈ సత్యమును గ్రహించి, బాస్కెట్‌బాల్ అను క్రొత్త ఆటను లోకమునకు ప్రసాదించిన ఉపాధ్యాయుడు జేమ్స్ నెయిస్మిత్.

ఆయన 1861వ సంవత్సరము నవంబరు 6వ తేదీన కెనడా దేశములోని ఆల్మాంట్ పట్టణ సమీపమున జన్మించెను. తొమ్మిదవ యేట తల్లిదండ్రులిరువురును టైఫాయిడ్ జ్వరముచే మరణించిరి. మేనమామ ఆ బాలుని పెంచెను. నెయిస్మిత్ నడుమ చదువు మాని, అడవులలో కలప కొట్టు పని చేసి జీవించెను. పిదప తన పొరపాటును తెలిసికొని మరల బడిలో చేరెను. 1887లో మాంట్రియల్ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. మతశాస్త్రమును కూడ అభ్యసించెను. కాని శీలమును తీర్చుటకు ఆటలు కూడ మార్గమేయని నమ్మి, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమున వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను.

1891వ సంవత్సరపు శీతకాలమున ఆయనకు పదునెనిమిదిమంది విద్యార్థులు గల ఒక తరగతి అప్పగింపబడెను. మంచు కురియుటచే వారు బయట ఆడజాలరు. లోపలి కసరత్తులన్న వారికి విసుగు. అంతకుముందే ఇరువురు ఉపాధ్యాయులు వారిని అదుపుచేయలేక విరమించుకొనిరి. పదునాలుగు దినములలో క్రొత్త ఆటను కనిపెట్టవలసినదిగా పై అధికారియగు లూథర్ గ్యూలిక్ నెయిస్మిత్‌ను ఆదేశించెను. ఆయన బయట ఆడు ఆటలనే గదిలో ఆడించి చూచెను. విద్యార్థులకు దెబ్బలు తగిలినవే కాని ఫలము లేకపోయెను. గడువు ముగియవచ్చెను.

అప్పుడాయన పట్టుదల వీడక, దెబ్బలకు కారణమేమని యోచించెను. బంతిని పట్టుకొని పరుగెత్తువానిని ఆపుటకై ఇతరులు వానిపై బడుచున్నారు. కావున బంతితో పరుగెత్తరాదని నిశ్చయించెను. గమ్యము నేలపై నున్నచో బలముగా విసరుదురు. తలకంటె ఎత్తున నున్నచో నేర్పుతో విసరుదురు. బాల్యమున బండపై నిలిపిన రాతిని మరియొక రాతితో కొట్టిన ఆట ఆయనకు స్మృతికి వచ్చెను. అందు మెల్లగా పైకెత్తి విసరినవానికే తరచుగా గురి కుదిరెడిది.

1891 డిసెంబరు 21వ తేదీన పీచు పండ్ల బుట్టలు రెండు, పది అడుగుల ఎత్తున మేడ కటకటాలకు బిగింపబడెను. పదమూడు నియమములు గోడపై వెలసెను. జట్టునకు తొమ్మిదిమంది చొప్పున ఆడిరి. ఆట ముగియునప్పటికి బుట్టలో ఒక్కసారి మాత్రమే బంతి పడెను!

ఆనాటి నియమముల ప్రకారము బంతి బుట్టలో పడి నిలిచిననే గోలు. ఒక జట్టువారు వరుసగా మూడు తప్పులు చేసినచో ఎదుటివారికి ఒక గోలు లెక్కింపబడెడిది. ఇట్లు మొరటుతనమునకు వెల కట్టబడెను. బరి దాటిన బంతిని మొదట తాకినవాడే లోనికి విసరవలసియుండెను. అందులకు అయిదు సెకనులే గడువు. వివాదము కలిగినచో మధ్యవర్తియే దానిని లోనికి విసరెడివాడు.

అయితే ఈ బరి నియమమందు ఒక లోపము బయటపడెను. మొదట తాకవలెనను ఆతురతతో ఆటగాండ్రు ఒకరినొకరు త్రోసికొనుచు బంతి వెంట పరుగెత్తసాగిరి. కావున తరువాతి కాలమున, బంతిని చివర తాకి బయటికి పంపిన జట్టు దానిని కోల్పోవునని మార్చిరి. నేడును ఇదియే ఆచారము.

నెయిస్మిత్ 1898లో వైద్యపట్టము పొంది, కాన్సాస్ విశ్వవిద్యాలయమున చిరకాలము పనిచేసెను. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో తన ఆటకు స్థానము లభించుట కన్నులార చూచెను. 1939 నవంబరు 28వ తేదీన ఆయన పరమపదించెను.

విసిగిన విద్యార్థులను దండింపక, వారి విసుగునకు కారణమును వెదకిన గురువు ఆయన. ఆటలో నియమము ఆటగాని స్వేచ్ఛను హరించునది కాదు. బలవంతునితోపాటు బలహీనునికి కూడ ఆడు హక్కునిచ్చునది. ఆయన జీవితము మనకు నేర్పు పాఠమిదియే.