రోజలిండ్ ఫ్రాంక్లిన్: డీఎన్ఏ ఫొటోతో ఫేమస్.. కానీ ఆమె సమాధి మీద ఉన్నది వైరస్‌ల మాటే!

రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక్కటే. డీఎన్ఏ ఫొటో, దక్కని నోబెల్. అయితే ఆమె జీవితంలో చివరి ఐదేళ్లు డీఎన్ఏతో గడిచినవి కావు. వైరస్ లోపల ఏముంది, ఎలా అమరి ఉంది అని వెతకడంలో గడిచినవి. ఈ రోజు కరోనా, ఫ్లూ వైరస్‌ల బొమ్మల్ని మనం ఫోన్లో చూస్తున్నామంటే ఆ దారిలో తొలి అడుగులు వేసినవారిలో ఆమె ఒకరు.

బొగ్గుతో మొదలు

1920 జులై 25న లండన్‌లోని ఓ సంపన్న యూదు కుటుంబంలో రోజలిండ్ పుట్టారు. 1938లో కేంబ్రిడ్జ్‌లోని న్యూన్‌హామ్ కాలేజీలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధ సమయంలో బొగ్గు మీద పరిశోధన చేసి 1945లో పీహెచ్‌డీ అందుకున్నారు. ఆ తర్వాత ప్యారిస్ వెళ్లి ఎక్స్‌రేలతో పదార్థాల లోపలి నిర్మాణాన్ని కనిపెట్టే విద్యలో ఆరితేరారు.

1951లో లండన్ కింగ్స్ కాలేజీకి వచ్చారు. 1952లో ఆమె విద్యార్థి రేమండ్ గోస్లింగ్‌తో కలిసి చేసిన పనిలోనే ప్రసిద్ధమైన 'ఫొటో 51' వచ్చింది. ఆమెకు తెలియకుండానే ఆ ఫొటోను సహోద్యోగి మారిస్ విల్కిన్స్ జేమ్స్ వాట్సన్‌కు చూపించారు. 1953 ఏప్రిల్‌లో వాట్సన్, క్రిక్‌ల డీఎన్ఏ మోడల్ బయటికొచ్చింది. అప్పటికే ఆమె కింగ్స్ కాలేజీ వదిలేశారు.

కొత్త చోటు.. కొత్త ప్రశ్న

1953 మార్చిలో బర్క్‌బెక్ కాలేజీలో జె.డి.బెర్నాల్ ల్యాబ్‌లో చేరారు. అక్కడ ఆమె చేతికొచ్చింది పొగాకు మొజాయిక్ వైరస్. పొగాకు, టమాటా, మిర్చి ఆకుల మీద మచ్చలు తెచ్చే మొజాయిక్ తెగులుకు కారణాల్లో ఇదొకటి. సైన్స్‌కు తెలిసిన తొలి వైరస్ కూడా ఇదే. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో నెదర్లాండ్స్‌లో బైజరింక్ దీని జాడ పట్టారు. కానీ దాని లోపల ఏం ఎక్కడుందో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు.

అసలు వైరస్ అంటే బ్యాక్టీరియాలా ఒక కణం కాదు. పైన ప్రొటీన్ తొడుగు, లోపల డీఎన్ఏ లేదా ఆర్ఎన్ఏ. అంతే. తనంతట తాను పెరగలేదు. బతికున్న కణంలోకి దూరి, ఆ కణం యంత్రాంగంతోనే తన కాపీలు చేయించుకుంటుంది. మరి ఆ కాపీలకు కావాల్సిన సమాచారం వైరస్‌లో ఎక్కడ దాక్కుంది? రోజలిండ్ పట్టుకున్న ప్రశ్న ఇదే.

మొక్కజొన్న పొత్తులాంటి నిర్మాణం

ఈ వైరస్ సన్నని కడ్డీలా ఉంటుంది. ఒక మిల్లీమీటర్‌ను 10 లక్షల ముక్కలు చేస్తే, అందులో 300 ముక్కలంత పొడవు, 18 ముక్కలంత మందం. కడ్డీలన్నీ ఒకే పొడవు అని 1955లో రోజలిండ్ చెప్పారు. అప్పటి పేరున్న శాస్త్రవేత్త నార్మన్ పిరీ ఒప్పుకోలేదు, గట్టిగా వ్యతిరేకించారు. చివరికి ఆమె మాటే నిలిచింది.

1956లో ఇంకో ముందడుగు. ఆర్ఎన్ఏ ఉన్న వైరస్‌ను, ఆర్ఎన్ఏ లేని ఉత్త ప్రొటీన్ కడ్డీని ఎక్స్‌రేలతో పోల్చి చూశారు. కడ్డీ మధ్యలో ఖాళీ గొట్టం ఉంది. ఆర్ఎన్ఏ ఆ గొట్టంలో లేదు! చుట్టూ మెలికలు తిరిగి పేర్చుకున్న ప్రొటీన్ ముక్కల మధ్యలో ఇరుక్కుని ఉంది. మొక్కజొన్న పొత్తు మీద గింజల వరుసల మధ్య దారం చుట్టినట్టు అన్నమాట. ప్రొటీన్ ఒక రక్షణ కవచం. అసలు సమాచారం ఆ దారంలో ఉంది. ఉత్త ఆర్ఎన్ఏతో కూడా మొక్కకు ఇన్ఫెక్షన్ వస్తుందని అదే ఏడాది జర్మనీ, అమెరికా శాస్త్రవేత్తలు నిరూపించారు.

క్యాన్సర్ వచ్చినా ఆగలేదు

1956లోనే అమెరికా పర్యటనలో ఉండగా ఆమె ఆరోగ్యం తేడా కొట్టింది. తీరా చూస్తే అండాశయ క్యాన్సర్. ఆపరేషన్లు జరిగాయి. అయినా ల్యాబ్ మానలేదు. ఆమె టీమ్ నుంచి 1956లో 7, 1957లో 6 పరిశోధన పత్రాలు వచ్చాయి. పిల్లల కాళ్లూ చేతులూ పడేసే పోలియో వైరస్ మీద కూడా అప్పుడే పని మొదలుపెట్టారు. ఇదీ ఆర్ఎన్ఏ వైరసే. కాకపోతే కడ్డీలా కాదు, గుండ్రంగా ఉంటుంది.

మరోపక్క బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం పొగాకు వైరస్‌కు దాదాపు 5 అడుగుల మోడల్ తయారు చేయించారు. సైకిల్ హ్యాండిల్‌కు తొడిగే ప్లాస్టిక్ గ్రిప్పుల్లాంటివే దానికి ముడిసరుకు. ప్రదర్శన 1958 ఏప్రిల్ 17న మొదలైంది. దానికి ఒక్కరోజు ముందు, ఏప్రిల్ 16న రోజలిండ్ కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు 37 ఏళ్లే.

ఆ తర్వాత ఏం జరిగింది?

ఆమె టీమ్‌లోని ఆరన్ క్లుగ్, జాన్ ఫించ్ పోలియో పనిని కొనసాగించారు. 1959లో ఆ వైరస్ నిర్మాణాన్ని ప్రచురించి, ఆ పత్రాన్ని ఆమెకే అంకితమిచ్చారు. 1962లో డీఎన్ఏకు నోబెల్ వచ్చినప్పుడు వాట్సన్, క్రిక్, విల్కిన్స్ వేదిక మీద ఉన్నారు, ఆమె లేరు. ఇక 1982లో క్లుగ్‌కు కెమిస్ట్రీ నోబెల్ దక్కింది. దాని వెనకున్న పనుల్లో ఆమెతో కలిసి మొదలుపెట్టిన వైరస్ పరిశోధన కూడా ఉంది.

లండన్‌లోని విల్స్‌డెన్ యూదు శ్మశానంలో ఆమె సమాధి ఉంది. ఆమె శాస్త్రవేత్త అని, వైరస్‌ల మీద ఆమె పరిశోధనలు మనుషులకు ఎప్పటికీ మేలు చేస్తాయని దాని మీద రాసి ఉంది. డీఎన్ఏ ప్రస్తావన మాత్రం ఎక్కడా లేదు.